చమురు తఱుగు కాలమున మన సేద్యము

2024వ సంవత్సరము జనవరి 2వ తేదీని మన సభ్యులు మఱచియుండరు. యాసంగి నాట్లకై పొలములు దమ్ముచేయు దినములవి. క్రొత్త శిక్షాస్మృతిలోని యొక నిబంధనకు విరోధముగా ట్యాంకరుల డ్రైవర్లు సమ్మె కట్టిరన్న వార్త పుట్టినంతనే హైదరాబాదు మొదలుకొని తెలంగాణమందలి పట్టణములలో బంకుల యెదుట వాహనములు బారులు తీరెను. పిట్లము ప్రాంతమునుండి డబ్బాలు చేతబట్టుకొని జాతీయ రహదారి పొడవునను తిరిగి, వట్టి చేతులతో మరలివచ్చిన రైతులను మేమెఱుగుదుము. ఆ రాత్రికే రాజీ కుదిరెను గాన గండము గడచినది. ఒక్క దినపు కొఱతకే మన మడులలో ట్రాక్టరులు నిలిచిపోయినప్పుడు, ఆ కొఱత ఒక మాసము సాగినచో మన గతి యేమి? ఈ ప్రశ్న నాడే మా మనస్సున నాటుకొన్నది. నేటికి దానిని సభ్యుల యెదుట నుంచుచున్నాము.

మన తాతల నాడు పల్లెకు వచ్చిన చమురు దీపమునకు మాత్రమే. దానిని గ్యాసునూనె యనుచుండిరి. ఆ నూనె చాలవఱకు బర్మానుండి వచ్చెడిది. 1942 ఏప్రిలులో యేనాంజాంగు చమురు బావులను జపానీయుల చేతికి చిక్కకుండ ఆంగ్లేయులే ధ్వంసము చేసిరి. మన దేశమున కిరసనాయిలు కఱవై, ఆముదపు ప్రమిదలు మరల వెలిగెను. బస్సులకు వెనుక బొగ్గు కొలిమి తగిలించి, ఆ వాయువుతో నడిపిన కాలమది. అయినను ఆ సంవత్సరములలో నూనె లేదన్న కారణమున నాగలి సాలు ఆగలేదు. మోట తోలినది ఎడ్లు, దున్నినది ఎడ్లు, బండి లాగినది ఎడ్లు. ఇల్లు చీకటియైనను పొలము నడచెను. నేడు వ్యవహారము తలక్రిందులైనది. ఇంట విద్యుద్దీపము వెలుగుచున్నది. పొలమే చమురుపై నిలిచియున్నది. దున్నుట, దమ్ము, కోత, ధాన్యము మార్కెట్టునకు చేర్చుట, అన్నియు డీజిలు పని. బావి మోటారులు మాత్రము విద్యుచ్ఛక్తితో నడచుచుండుట మన యదృష్టము.

చమురు నిజముగా తఱుగునా యని కొందఱు సందేహింతురు. ఆ సందేహము నిష్కారణము కాదు. అమెరికా భూగర్భ శాస్త్రజ్ఞుడు హబ్బర్టు 1956లో తన దేశపు చమురు 1970 ప్రాంతమున శిఖరమునంది పిమ్మట దిగునని లెక్క కట్టెను. 1970లో అట్లే జరిగెను. కాని తరువాత రాతిపొరలను నీటి యొత్తిడితో చీల్చి చమురు తీయు విద్య పెరిగి, 2018 నాటికి ఆ దేశము తన పాత శిఖరమును దాటెను. కావున రేపే చమురు ముగియునని చెప్పువారిని మేము నమ్మము. ఎన్నటికిని ముగియదనువారిని అంతకన్న నమ్మము. సులభముగా దొరకు నూనెను ముందుగా తోడుకొందురు. పిమ్మట మిగిలినది లోతున, దూరమున, ఎక్కువ ఖర్చున దొరకును. రైతునకు కావలసినది కట్టకడపటి చుక్క యెప్పుడన్న లెక్క కాదు, లీటరు వెల యెంత, అది సమయమునకు అందునా యన్న లెక్క.

ఇందుకు దూరదేశపు దృష్టాంతము లక్కఱలేదు. కాకినాడ తీరమున కెదుట సముద్రగర్భమునందలి డి-6 క్షేత్రమునుండి 2009 ఏప్రిలులో వాయువు తీయనారంభించిరి. మఱుసటి యేట దినమునకు సుమారు ఆరు కోట్ల ఘనపు మీటర్లు వచ్చెను. ఎనిమిది కోట్లకు పెరుగునని యందఱు ఎదురుచూచిరి. పెరుగలేదు సరికదా, బావులలో నీరు చేరి, ఒత్తిడి తగ్గి, యేటేట పడిపోయెను. ఏ గనులపై యంత యాస పెట్టుకొనిరో ఆ మొదటి గనులు 2020 ఫిబ్రవరిలో మూతపడెను. ఆ వాయువును నమ్మి కృష్ణా గోదావరీ తీరములందు కోట్ల రూపాయలతో కట్టిన విద్యుత్కేంద్రములు పని లేక నిలిచిపోయెను. పిమ్మట ఆ ప్రాంతముననే మఱికొన్ని బావులు తెఱచిరి. అది వేఱు సంగతి.

మన నిజాంసాగరమును చూడుడు. 1923లో మొదలై 1931లో ముగిసిన ఆ జలాశయము మొదట సుమారు 30 శతకోటి ఘనపుటడుగుల నీరు పట్టెడిది. పూడిక చేరి నేడు పదునెనిమిదింటికి లోబడియున్నది. అది మనకు నష్టమే. అయినను మంజీరకు వఱద వచ్చిన యేట అది మరల నిండును. చమురు గనికి వఱద రాదు.

మన దేశము తాను వాడు ముడి చమురులో నూటికి ఎనుబదియైదు పాళ్ళకు పైగా పరదేశములనుండి కొనుచున్నది. 1973లో అరబ్బు దేశములు ఎగుమతులు బిగించినప్పుడు కొన్ని మాసములలోనే పీపా వెల మూడు డాలరుల నుండి పదునొకండు దాటెను. 2008 జూలైలో నూట నలుబదియేడు డాలరులు ముట్టెను. 2014 అక్టోబరులో డీజిలు వెలపై సర్కారు అదుపు తొలగినది. 2021 అక్టోబరులో మన యొద్ద లీటరు నూఱు రూపాయలు దాటినది. ఆ కాలమున కోత యంత్రముల బాడుగ పెరిగినది. పిమ్మట డీజిలు కొంత దిగినను బాడుగ దిగలేదు. ఇది సభ్యులు స్వయముగా ఎఱిగిన విషయమే.

అయితే డీజిలుకన్న మాకు ఎక్కువ భీతి గొల్పునది యూరియా. బస్తాలోని తెల్లని పలుకులు భూమిలో పుట్టినవి కావు. సహజ వాయువునుండి పుట్టినవి. రామగుండమున 1980లో బొగ్గుతో యూరియా చేయు కర్మాగారమును నెలకొల్పిరి. అది నిలువలేక 1999లో మూతపడెను. అదే స్థలమున క్రొత్తగా కట్టి 2021లో ఆరంభించిన కర్మాగారము వాయువుతో నడచును. యేటికి పండ్రెండున్నర లక్షల టన్నులకు మించిన శక్తి గలది. దేశమునకు కావలసిన వాయువులో సగమునకు సమీపముగా నౌకలపై వచ్చుచున్నది. యూరియా సైతము కొంత దిగుమతి యగుచున్నది. 2025 వానాకాలమున దిగుమతులు ఆలస్యమై, రామగుండపు యంత్రము కూడ కొన్నినాళ్ళు నిలిచినంతనే, తెలంగాణమంతట సంఘముల గిడ్డంగుల యెదుట రైతులు తెల్లవారకముందే వరుసలు కట్టిరి. మనుష్యులకు మారుగా చెప్పులను, పాసు పుస్తకములను వరుసలో పెట్టిరి. ఆ వరుసలలో వృద్ధులైన తల్లులను చూచి సంఘముల వారు సిగ్గుపడిరి. మేమును పడితిమి. బస్తా లేదని చెప్పుటకన్న కష్టమైన పని సంఘమునకు మఱియొకటి లేదు.

ఈ విషయమున మనకు చేతిలోనున్న యుపాయము క్రొత్తది కాదు. మన జుక్కలు, పిట్లము ప్రాంతపు నేలలలో సోయా, కంది, పెసర పండును. ఇవి గాలిలోని నత్రజనిని వేళ్ళ బుడిపెలలో నిలువచేయు పైరులు. వరి వెంట వరి వేయు మడులలో ఏడాది కొకసారియైనను జీలుగనో జనుమునో చల్లి, పూతకు ముందే కలియదున్నినచో యూరియాలో కొంత భాగము తగ్గించవచ్చును. దీనిని అందఱును ఒప్పుకొందురు, ఎవరును చేయరు. కారణమేమనగా, విత్తనము సమయమునకు దొరకదు. ఇది రైతు తప్పిదము కాదు. పచ్చిరొట్ట విత్తనమును తొలకరికి ముందే తెప్పించి యుంచుట సంఘము బాధ్యత. అందు మనము ఇంతవఱకు శ్రద్ధ చూపలేదని ఒప్పుకొనవలెను.

ఇంక నూనె చెట్ల మాట. ఇరువది యేండ్ల క్రిందట అడవి యాముదము నాటుడని దేశమంతట చాటిరి. బీడు భూమిలో నీరు లేకయే నూనె నదులు పారునని నమ్మినవారు చేతులు కాల్చుకొనిరి. నీరు లేని చోట ఆ చెట్టు గింజ యియ్యలేదు. కానుగ సంగతి వేఱు. అది మన గట్లపై నున్నదే. పాత ఆదిలాబాదు జిల్లా జైనూరు వైపు పవర్‌గూడ యను గోండుల పల్లెలో స్త్రీల సంఘములు కానుగ నారు పెంచి, గింజ గానుగాడి, 2003 అక్టోబరులో ఆ నూనె వలన తగ్గు పొగకు లెక్క గట్టించి ప్రపంచ బ్యాంకునకు 147 టన్నుల బొగ్గుపులుసు గాలిని 645 డాలరులకు అమ్మిరి. సొమ్ము స్వల్పము. అక్షరము రాని స్త్రీలు సైతము కలిసి లెక్క చూపగలిగిరనుట స్వల్పము కాదు. అయితే కానుగ నూనె చిక్కనిది. నేరుగా ట్రాక్టరులో పోసినచో ఇంజెక్టరులు చెడును. ఒకచోట నిలిచి తిరుగు యంత్రములకే అది తగును. పిండి మాత్రము మడికి మంచి యెరువు. ఆ పిండికొఱకే నాటినను నష్టము లేదు.

పెట్రోలులో నూటికి ఇరువది పాళ్ళు ఇథనాలు కలుపు పని 2025లో నెఱవేరినది. మొక్కజొన్నకు, నూకలకు గిరాకి యేర్పడినది, సంతోషము. కాని దానివలన మన డీజిలు పెరుగదు.

ఎడ్ల మాట యెత్తిన యువకులు నవ్వుదురు. సోవియటు చమురు ఆగిపోయిన 1991 తరువాత క్యూబా దేశమున ట్రాక్టరులు వేలకొలది నిలిచిపోగా, ఎడ్లను మరపుటకును కాడి కట్టుటకును తెలిసిన వృద్ధులను వెదకవలసివచ్చెను. ప్రతి యింట జత కట్టుడని మేము చెప్పము, మేత యేది? కోత యంత్రము వెంట గడ్డి నలిగి పొలముననే పడియుండగా, దానికి నిప్పు పెట్టుచున్నాము. ముందుగా ఆ గడ్డిని కట్టలు కట్టి నిలువచేయుట నేర్చుకొందము. పల్లెకు నాలుగైదు జతలైనను నిలిచినచో, అంతరకృషికి, చిన్న మళ్ళకు చాలును. అరక పట్టుట యెఱిగిన చేతులును నిలుచును.

వెంటనే చేయదగినది మఱియొకటి యున్నది. నేడు కోత యంత్రము ఒక దినము చెఱువు క్రింద ఒక యెకరము కోసి, మఱునాడు ఊరి ఆవలి కొసకు పోయి, మూడవనాడు మరల చెఱువు క్రిందికి వచ్చుచున్నది. నడకకే డీజిలు కాలుచున్నది. ఆ ఖర్చు మన బాడుగలోనే చేరును. ఒక కాలువ క్రింది రైతులు ఒకే వారమున నాటి, ఒకే వరుసను కోయించినచో ఈ వ్యర్థము పోవును. ఇందుకు సర్కారు ఉత్తరువు అక్కఱలేదు, ఇరుగు పొరుగుల మాట చాలును. సహకార సంఘములు డీజిలు బంకు నడుపుకొనుటకు కేంద్ర ప్రభుత్వము 2023లో మార్గము తెఱచినది. దానిని గూర్చి యోచింపవలెను గాని, నిలువ పెట్టుటకు పెట్టుబడి యెంతయో, నష్టమెవరు భరింతురో తేల్చుకొనక తొందరపడరాదు.

కావున సభ్యులకు మా విన్నపము: ఈ పంటకు ఎకరమునకు దున్నుటకెంత, దమ్మునకెంత, కోతకెంత, బస్తాల రవాణాకెంత డీజిలు ఖర్చైనదో ప్రతివారును ఒక చిట్టాలో వ్రాసి, రాబోవు సర్వసభ్య సమావేశమునకు తెండు. ట్రాక్టరు బాడుగకు తెచ్చుకొనువారు యజమానిని అడిగి వ్రాయుడు. జీలుగ, జనుము విత్తనము ఎవరికెన్ని కిలోలు కావలెనో అదే కాగితము వెనుక వ్రాయుడు.