ప్రశ్నించే వేదిక ఏదీ?

కుళాయి నీరు వేళకు వచ్చి, వీధిదీపాలు వెలిగి, చెత్త పేరుకుపోకుండా ఉంటే పౌరునికి ఇంకేమి కావాలి? మునిసిపల్ ఎన్నికలు లేకపోయినా సౌకర్యాలకు లోటుండదన్న వాదానికి జంషెడ్‌పూర్‌ను సాక్ష్యంగా చూపడం చిరకాలంగా వస్తున్న ఆనవాయితీ. అందులో సగం నిజం ఉన్నది. ఆందోళన కలిగించేది మిగిలిన సగమే.

ఉక్కు కర్మాగారంతో పాటు పుట్టి, 1919లో జంషెట్జీ టాటా పేరు పెట్టుకున్న ఆ నగరంలో పౌరసేవల భారం మొదటి నుంచీ ప్రధానంగా కంపెనీదే. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి ఉపాధి కోసం వెళ్లిన తెలుగు కుటుంబాలకు సైతం అది తరాల నివాసం. అక్కడ 1924లో నోటిఫైడ్ ఏరియా కమిటీ ఏర్పడింది కానీ, ఎన్నికైన పురపాలక సంఘం మాత్రం ఏర్పడలేదు. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ పట్టణాలకు స్వపరిపాలనను హక్కుగా ప్రసాదించినా, 243క్యూ అధికరణంలోని మినహాయింపు పారిశ్రామిక నగరాలను పక్కన పెట్టింది. ఆ మినహాయింపు ఆసరాగానే 2023 డిసెంబరులో ఝార్ఖండ్ ప్రభుత్వం జంషెడ్‌పూర్‌ను పారిశ్రామిక నగరంగా ప్రకటించింది. 2011 జనాభా లెక్కల నాటికే 6 లక్షలు దాటిన నగరంలో వార్డుకొక కౌన్సిలర్ ఉండే అవకాశం దీనితో మరింత దూరమైంది.

సేవలు బాగున్నంత మాత్రాన ప్రశ్న అనవసరం కాబోదు. కంపెనీ కాలనీల సదుపాయాలు వేరు, 86 బస్తీలుగా పేరుపడిన ప్రాంతాల అవస్థలు వేరు. ఒకే నగరంలో ఒక వీధికి అందిన నీరు మరో వీధికి ఎందుకు అందదు? సువర్ణరేఖ, ఖర్‌కాయి నదులు పొంగినపుడు మునిగే లోతట్టు ప్రాంతాలకు ముందస్తు రక్షణ ఏమిటి? ఈ ప్రశ్నలను అధికారికంగా అడిగి, జవాబు రాబట్టవలసినదెవరు?

ఇంగ్లండులో 2000 నాటి స్థానిక ప్రభుత్వ చట్టం ఈ పని కోసమే పరిశీలక సంఘాలను ఏర్పరచింది. పాలకవర్గంలో లేని కౌన్సిలర్లు వాటిలో కూర్చుంటారు. నిర్ణయాలను రద్దు చేసే అధికారం వారికి లేదు. బాధ్యులను పిలిపించి ప్రశ్నించి, సిఫార్సులు చేసే అధికారం ఉన్నది. ఆ సిఫార్సులకు పాలకవర్గం 2 నెలల్లోగా జవాబివ్వాలి. అక్కడి అనుభవం చెప్పే పాఠం ఒక్కటే: అన్నింటినీ పరిశీలిస్తామన్న సంఘం దేనినీ పరిశీలించలేదు. కనుకనే ఏడాదికొక కార్యప్రణాళిక అవసరం. ఎక్కువమందిని బాధించేది ఏది, తమ జోక్యంతో మారగలిగేది ఏది, మరొక సంస్థ ఇప్పటికే విచారిస్తున్నది ఏది అన్న గీటురాళ్లపై వచ్చిన ఫిర్యాదులను వడగట్టి, మిగిలిన కొద్ది అంశాలనే లోతుగా తరచి చూడాలి. గత ఏడాది సిఫార్సులు ఏమైనవో తేల్చుకున్నాకనే కొత్తవాటి జోలికి పోవాలి.

ఎన్నికలున్న మన నగరాలు ఈ విషయంలో ఆదర్శాలని చెప్పబోతే అది ఆత్మవంచనే అవుతుంది. మూడు లక్షలు, అంతకు మించిన జనాభా గల పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండాలని 243ఎస్ అధికరణం నిర్దేశిస్తున్నా, పలుచోట్ల అవి కాగితాలకే పరిమితమయ్యాయి. స్థాయీ సంఘాల సమావేశాలు టెండర్ల ఆమోదంతో ముగియడమూ కొత్త కాదు. అజెండా అధికారులు రాయగా సభ్యులు తలలూపితే అది పరిశీలన ఎలా అవుతుంది?

పారిశ్రామిక నగర హోదా కొనసాగినంత కాలమైనా జంషెడ్‌పూర్‌కు బస్తీవాసులు, కార్మికులు, మహిళలు సభ్యులుగా ఒక పరిశీలక సంఘం ఉండాలి. అజెండా నిర్ణయించే స్వేచ్ఛ ఆ సంఘానిదే కావాలి. తొలి ఏడాదికి బస్తీల తాగునీరు, వరద నీటి పారుదల అన్న రెండంశాలు చాలు. కంపెనీ, ప్రభుత్వం నిర్ణీత గడువులో లిఖితపూర్వకంగా జవాబివ్వాలి. ఓటు హక్కుకు ఇది ప్రత్యామ్నాయం కానేకాదు. అయితే ఓటు వచ్చేదాకా ప్రశ్న కూడా ఆగవలసిన పనిలేదు. మంచి సేవ దాత ఔదార్యంగా మిగలరాదు. అడిగి పొందే హక్కు కావాలి.