పాతబండి దీపములు: సభ్యులకొక మనవి

విత్తనములను గూర్చియు, ఎరువులను గూర్చియు, తెగుళ్లను గూర్చియు ఈ పత్రికలో వ్రాయుచుండు మేము ఈ మాసమున మోటారుబండ్ల దీపములను గూర్చి వ్రాయుట చూచి సభ్యులు కొందఱు నవ్వవచ్చును. కాని పండిన పంట యార్డునకు చేరినగాని పంట కాదు. అమ్మిన రైతు క్షేమముగ ఇల్లు చేరినగాని వచ్చిన ధర ధర కాదు. మిరప కోతలు మొదలైన నాటినుండి వేసవి వఱకు మన సంఘగ్రామముల బండ్లు రాత్రివేళలందే గుంటూరు మిర్చియార్డునకు నడచుచుండును. వానిలో పెక్కులు పది పదునైదేండ్ల నాటివి. వాని ముందు దీపములు మసకబారియున్నవి. ఈ మసకను పోగొట్టు విధమును గూర్చి మన గ్రామములలో ఒక పొరపాటు తలంపు వ్యాపించుచున్నది. దానిని గూర్చి మా యభిప్రాయమును స్పష్టముగ తెలుపుటయే మా యుద్దేశము.

గడచిన మాఘమాసమున మేము ఒక సభ్యుని పాతబండిలో గుంటూరునుండి సత్తెనపల్లి వైపునకు వచ్చుచుంటిమి. రాత్రి పదిగంటలు దాటెను. వేగము గంటకు 40 కిలోమీటర్లకు మించలేదు. త్రోవప్రక్క చక్రము చెడి నిలిచిపోయిన పత్తిట్రాలీ యొకటి చీకటిలో కలసిపోయి యుండెను. దాని వెనుక ఎఱ్ఱబిళ్ల లేదు, దీపము లేదు. అది మా కన్నులబడునప్పటికి ముప్పది మీటర్ల దూరమైనను లేదు. డ్రైవరు బ్రేకు నదిమెను. బండి జారి, ట్రాలీకి రెండు మూరల దూరమున నిలిచెను. అప్పుడు గాని మాకు కనబడలేదు. పండ్రెండేండ్ల బాలుడొకడు వంగి ట్రాలీ చక్రము క్రింద ఱాయి పెట్టుచుండెను. వాడు తలయెత్తి మావైపు చూచిన చూపును మేము నేటికిని మఱువలేదు.

లెక్క చూడుడు. 40 కిలోమీటర్ల వేగమున బండి సెకనునకు 11 మీటర్లు పోవును. కన్ను చూచి కాలు బ్రేకుపై పడుటకు ఒకటిన్నర సెకను పట్టినచో, అంతలోనే 17 మీటర్లు గడచును. పొడి తారుమీద మంచి బ్రేకులతో నిలుచుటకు మఱి 10 మీటర్లు. మొత్తము 27. అదే 60 కిలోమీటర్ల వేగమైనచో 25 మీటర్లును, వానిపై 23 మీటర్లును, మొత్తము 48 మీటర్లు కావలయును. బరువుబండికి ఇంకను హెచ్చు. నాటి దీపములతో నాడు 60 కిలోమీటర్ల వేగమున వచ్చియుండినచో ఆ బాలుడు నేడు లేడు.

బండి యజమాని మిక్కిలి భయపడెను. భయము మంచిదే. కాని మఱునాడే పట్టణమునకు పోయి, దుకాణదారుడు చూపిన మిక్కిలి తెల్లని ఎల్.ఇ.డి. బల్బులను కొని, పాతబల్బుల హోల్డరులందే తగిలించుకొని వచ్చెను. వీధిలో నిలిపి చూపగా వీధి యంతయు పట్టపగలువలె నుండెను. అందఱును మెచ్చుకొనిరి. మేమును మెచ్చుకొంటిమని చెప్పుటకు సిగ్గుపడుచున్నాము. పదిదినములు గడువకముందే, తెల్లవారుజామున సైకిలుపై పాలు తెచ్చుచున్న మన సంఘసభ్యుడే యొకడు ఆ బండి కెదురుపడి, కన్ను చెదరి, సైకిలుతో కూడ కాలువగట్టు క్రింద పడెను. చేయి విఱిగెను. చూడబోయిన మాతో అతడు, "అయ్యగారూ, బండి కనబడలేదు, బాట కనబడలేదు; ఉన్నదంతా వెలుతురే" అనెను. మొదటి రాత్రి దోషము వెలుగు లేమి. రెండవ దినపు దోషము వెలుగు తప్పుచోట పడుట. ఈ రెండును వేఱువేఱు రోగములు. ఒకదానికి మందని రెండవదానిని తెచ్చుకొనుట వివేకము కాదు.

మేము మిషను పాఠశాల వసతిగృహమున చదువుకొను దినములలో, కరెంటు పోయిన రాత్రులు లాంతర్లు వెలిగించుకొనెడివారము. మా ఉపాధ్యాయుని కట్టడ యొకటి యుండెను: ముందు చిమ్నీ తుడువవలెను, పిమ్మట కిరసనాయిలు చూడవలెను, అటుపిమ్మట వత్తి కత్తిరింపవలెను, ఇన్నియు నైన పిదప గాని వత్తి పెంచరాదు. చిమ్నీ తుడువక వత్తి పెంచినవానికి పొగ తప్ప వెలుగు హెచ్చదు. మోటారుబండి దీపమునకును ఈ కట్టడయే చాలునని మా యభిప్రాయము.

చిమ్నీ యనగా దీపపు ముందు పలక. నేటి బండ్లకు గాజునకు మాఱుగ ప్లాస్టిక్కు పలక యుండును. ఎండకు దానిపై పూత చెడి పచ్చబారును. ఎంత మంచి బల్బు పెట్టినను ఆ పచ్చదనములోనే సగము వెలుగు చిక్కుకొనును, మిగిలినది చెల్లాచెదరగును. నీరు చల్లుచు వాటర్‌పేపరు 1000 నంబరుతోను, పిమ్మట 2000 నంబరుతోను మెల్లగ రుద్ది, పాలిషు పట్టించి, ఎండను తాళు పారదర్శకపు పూత వేయింపవలెను. పూత వేయనిచో కొలది మాసములలో మఱల పచ్చబారును. లోపలి అద్దమువంటి రిఫ్లెక్టరును మాత్రము రుద్దరాదు. దాని మెఱుగు అతిసన్నని పొర, గుడ్డతో రుద్దినను ఊడిపోవును. అది నల్లబడినను, తుప్పుపట్టినను, దీపము నంతను మార్చుటయే మార్గము.

ఇక కిరసనాయిలు, అనగా కరెంటు. ఇచ్చటనే మన పాతబండ్ల అసలు రోగమున్నది. సాగర్ కుడికాలువ చివరి భూముల రైతులకు ఈ సంగతి వేఱుగ చెప్పనక్కఱలేదు. తూమువద్ద నీరు నిండుగ నుండును. దారిలో గండ్లు, పూడిక, ఊటలు దాటి చివరి చేనికి వచ్చునప్పటికి తడి మాత్రము మిగులును. బ్యాటరీనుండి బయలుదేరిన కరెంటు సన్నని తీగవెంట స్టీరింగు ప్రక్కనున్న స్విచ్చునకు పోయి, డిప్పరు స్విచ్చు దాటి, ముందునకు తిరిగివచ్చి బల్బును చేరును. తుదకు తుప్పుపట్టిన ఎర్తుబోల్టుగుండ వెనుకకు పోవలెను. ప్రతి యతుకునందును కొంత నష్టము. పైన చెప్పిన బండికే పాతబల్బులు మఱల పెట్టించి, ఇంజను నడచుచుండగా మేము కొలిపించితిమి. బ్యాటరీవద్ద 13.9 వోల్టులు, బల్బు హోల్డరువద్ద 11.6. ఇది స్వల్పమని తోచవచ్చును. కాని హలోజను బల్బు వెలుగు వోల్టుల తగ్గుదలకంటె మిక్కిలి వేగముగ తగ్గును. వోల్టులు నూటికి పది తగ్గినచో వెలుగు నూటికి ముప్పది తగ్గును. ఈ లెక్కచొప్పున ఆ బండి తనకు రావలసిన వెలుగులో సగమును కొంచెము మించి మాత్రమే పొందుచుండెను. ఆ యజమాని నిందించినది బల్బును, దోషము తీగది.

దీనికి మందు రిలే. పాత స్విచ్చు ఇక కరెంటును మోయనక్కఱలేదు. ఆజ్ఞ యిచ్చిన చాలును. లస్కరు తూము ఎత్తునేగాని నీటిని మోయడు గదా! బ్యాటరీనుండి 2.5 చదరపు మిల్లీమీటర్లకు తగ్గని రాగితీగ, బ్యాటరీ ప్రక్కనే ఫ్యూజు, డిమ్మునకొకటి బ్రైటునకొకటి చొప్పున రెండు రిలేలు, శుభ్రము చేసిన చోట గట్టి ఎర్తు: ఇంతే పని. ఫ్యూజు లేక తీగ లాగువానిని బండి ముట్టనీయకుడు. తీగ ఒరసికొనినచో బండి తగులబడును. ఈ పని చేయించిన పిమ్మట ఆ హోల్డరువద్దనే 13.5 వోల్టులు వచ్చెను. అవే బల్బులు మునుపటికంటె ఒకటిన్నర రెట్లకు మించి వెలిగెను. అయిన ఖర్చు ఒక టిక్కీ మిర్చి వెలకు చాల తక్కువ. ధర పడిపోయిన యేటి లెక్కనైనను అంతే.

వత్తి సంగతి చివరిది. ఈ బండ్లలో పెక్కింటికి పెట్టవలసినది హెచ్4 అను హలోజను బల్బు. 12 వోల్టులు, బ్రైటునకు 60 వాట్లు, డిమ్మునకు 55. పాతబల్బు నల్లబడియున్నచో జతగా రెండింటిని మార్చవలెను. క్రొత్తబల్బు గాజును వ్రేళ్లతో తాకరాదు. అంటిన జిడ్డుచోట వేడి పోగుపడి బల్బు త్వరగ చెడును. 100 వాట్ల బల్బులు పెట్టుకొనుడని చెప్పువారు కలరు. ఒక్కొక్క బల్బు ఎనిమిది ఆంపియర్లకు మించి లాగును. పాతతీగలో నష్టము హెచ్చును, స్విచ్చు కాలును, హోల్డరు కరగును. పూడినకాలువకు ఎక్కువనీరు వదలిన గట్టు తెగుటయే ఫలము.

ఎల్.ఇ.డి. యనగానే చెడ్డదని మా మాట కాదు. ఎల్.ఇ.డి. కొఱకే నిర్మించిన దీపము మంచిదే. హలోజను కొఱకు చేసిన గూటిలో ఎల్.ఇ.డి. బల్బును దూర్చుటయే దోషము. హెచ్4 బల్బులో డిమ్ముతీగ క్రింద చిన్న లోహపు దొప్ప యొకటి యుండును. పైకి పోగల కాంతిని అది అడ్డును. రిఫ్లెక్టరు వంపంతయు ఆ సన్నని తీగ యుండుచోటి ననుసరించి తీర్చబడినది. ఆ చోటున వేఱు ఆకారము గల వెలుగు నుంచినచో అది బాటమీద పడవలసినంత పడక, ఎదుటివాని కంటిలో పడును. దగ్గఱి నేల మాత్రము తెల్లగ మెఱయుటచే డ్రైవరునకు అంతయు కనబడుచున్నట్లు భ్రమ కలుగును. దూరపు చీకటి మఱింత చిక్కనగును. 1989 నాటి కేంద్ర మోటారువాహనముల నియమములలో 106వ నియమము, ముందు దీపపు కాంతి ఎదుటివాని కన్ను చెదరగొట్టకుండ క్రిందికి వంగియుండవలెనని విధించుచున్నది. చట్టము లేకున్నను, విఱిగిన చేయి చెప్పుటలేదా?

మఱియొక సంగతిని మనవారు తఱచు మఱతురు. దీపము సరిచేయించునప్పుడు బండి ఖాళీగ నుండును. రాత్రి నడచునప్పుడు టిక్కీలతో నిండియుండును. ముందువెనుక చక్రముల నడుమ తొమ్మిదడుగులున్న బండికి వెనుకభాగము రెండంగుళములు క్రుంగినచో, ఏబది గజముల దూరమున కాంతి దాదాపు మూడడుగులు పైకి లేచును. కాన బరువెత్తి, టైర్ల గాలి సరిచూచి, చదునైన నేలపై గోడకు 25 అడుగుల దూరమున నిలిపి సరిచూడవలెను. దీపము నడిమి యెత్తునకు గోడమీద గీత గీయుడు. డిమ్ములో వెలుగుపై యంచు ఆ గీతకు మూడంగుళములు క్రిందుగ నుండవలెను. మనము ఎడమప్రక్క నడచువారము గనుక ఎడమవైపు అంచు కొంత పైకి లేచియుండుట సహజము. కుడివైపు లేచినచో ఆ దీపము కుడిప్రక్క నడచు దేశమునకు చేసినదని గ్రహించి త్రిప్పి యీయుడు.

"అందఱును కన్నులు పొడుచు దీపములు పెట్టుకొనుచుండగ మేమొక్కరమే మర్యాదగ నుండి చెడవలెనా?" యని ఒక సభ్యుడు మమ్ము ప్రశ్నించెను. ఆ ప్రశ్నలోని బాధ నిజమే. కాని కన్నుచెదరిన లారీడ్రైవరు ఎవరివైపు వచ్చును? మనవైపే. ఎదుటివానిని గ్రుడ్డివానిని చేసి మనము భద్రముగ నుండుట కల్ల. పైగా మన త్రోవలలో ఎదురువచ్చునది పరాయివాడు మాత్రమే కాదు. పాలసైకిలు మనది, నీరు కట్టబోవు లాంతరు మనది, ఎడ్లబండి మనది. పై కాలువ రైతు గండికొట్టి తన మడి నింపుకొనినచో మనమేమందుము? వెలుగు విషయమునను అదియే ధర్మము.

కావున సంఘ పాలకవర్గమునకు మా మనవి మూడు. మొదటిది, గోదాము తూర్పుగోడమీద గీతలు గీయించి, ముందు 25 అడుగుల నేల చదును చేయించుట. రెండవది, ఒక వోల్టుమీటరు కొని, కోతలకు ముందు నెలలో ఒక ఆదివారము మంచి ఎలక్ట్రీషియనును పిలిపించి సభ్యుల బండ్లన్నిటిని వరుసగ చూపించుట. మూడవది, ప్రతి ట్రాలీకిని, ప్రతి ఎడ్లబండికిని వెనుక ఎఱ్ఱరిఫ్లెక్టరు బిళ్లలు సంఘమే కొని అతికించుట. ఎంత మంచి దీపమైనను ఎదుట తిరిగి మెఱయునది లేనిచో దూరమునుండి చూపజాలదు. ఆ రాత్రి పత్తిట్రాలీకి రెండు బిళ్లలున్నచో మా దీపములు మసకవైనను మేము నూరు మీటర్ల దూరముననే వేగము తగ్గించియుందుము.

రిలే పెట్టించిన ఆ బండి నేడును యార్డునకు నడచుచున్నది. దాని యజమాని ఎల్.ఇ.డి. బల్బులను తీసివైచుటయే కాక, పాలసభ్యుని వైద్యమునకు తానే ధనమిచ్చెను. సభ్యులు కోతలవఱకు ఆగక, ఈ రాత్రియే తమ బండ్ల నొక గోడకెదురుగ నిలిపి చూచుకొందురుగాక యని కోరుచున్నాము.