హత్య కేసు వాదించే పీపీకి గౌరవ వేతనమేనా? అసలు లోపం ఎక్కడుంది?

ఒకే కోర్టు కాంప్లెక్స్. మేజిస్ట్రేట్ కోర్టులో చిన్న దొంగతనం కేసు నడుస్తోంది. ప్రభుత్వం తరఫున నిలబడిన ఏపీపీ రెగ్యులర్ ఉద్యోగి. పే స్కేలు, ఇంక్రిమెంట్లు, ప్రమోషన్లు అన్నీ ఉంటాయి. అదే ఆవరణలోని సెషన్స్ కోర్టులో హత్య కేసు. అక్కడ కేడర్ నుంచి ఎదిగొచ్చిన పీపీలూ ఉన్నారు కానీ, చాలా చోట్ల బార్ నుంచి తీసుకున్న లాయర్లే. తెలుగు రాష్ట్రాల్లో వీళ్లకు మూడేళ్ల పదవీకాలం, నెలకింత అని గౌరవ వేతనం. అంటే కేసు పెద్దదయ్యే కొద్దీ వాదించేవాళ్లకు భద్రత తగ్గుతోందన్నమాట!

అందుకే పీపీల జీతాల మీద చర్చ ‘ఎంత పెంచాలి’ దగ్గరే ఆగిపోతే లాభం లేదు. ఎలా ఇస్తున్నారన్నదీ చూడాలి. గౌరవ వేతనంతోనే ఇల్లు గడవదనుకున్న లాయర్ సొంత ప్రాక్టీస్‌ను వదులుకోలేరు. అప్పుడు కోత పడేది దేనికి? సాక్షులతో కూర్చుని కేసు డైరీ తిరగేసే టైమ్‌కి. పోనీ హాజరైన రోజుకింత అని ఫీజు ఇద్దామంటే, వాయిదా పడినా డబ్బులొస్తాయి. అది ఇంకా డేంజర్.

పదవి ఎప్పుడు పోతుందో తెలియకపోవడం ఇంకో తలనొప్పి. 1990లో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం అన్ని జిల్లాల ప్రభుత్వ లాయర్లను ఒక్క సర్క్యులర్‌తో తీసేసింది. శ్రీలేఖ విద్యార్థి కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. అయినా సర్కారు మారితే పీపీలు మారతారన్న మాట కోర్టు వరండాల్లో ఇప్పటికీ వినిపిస్తూనే ఉంటుంది.

2024 జులై 1న అమల్లోకి వచ్చిన బీఎన్ఎస్ఎస్ కొంత మార్చింది. 10 ఏళ్లు, ఆపైన శిక్ష పడే కేసులను ప్రాసిక్యూషన్ డైరెక్టర్ పర్యవేక్షించాలని 20వ సెక్షన్ చెబుతోంది. పైనుంచి నిఘా పెరిగింది, బాగానే ఉంది. నియామకం మాత్రం పాత దారిలోనే: కనీసం 7 ఏళ్ల ప్రాక్టీస్, సెషన్స్ జడ్జిని సంప్రదించి తయారుచేసే ప్యానెల్. జీతం సంగతి రాష్ట్రాలకే వదిలేశారు.

అందరినీ పర్మినెంట్ చేసేస్తే సరిపోతుందా? అదీ కాదు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఆరితేరిన బార్ లాయర్లు కూడా కావాలి. వాళ్లకు కనీసం కేడర్ పీపీతో సమానమైన నెల జీతం, మధ్యలో కదపని పదవీకాలం ఇవ్వొచ్చు.

ఎందుకంటే హత్యకు గురైన మనిషి ఇంటివాళ్లకు పీపీని ఎంచుకునే ఛాన్స్ లేదు. సొంత ఖర్చుతో లాయర్‌ను పెట్టుకున్నా, కోర్టు అనుమతితో ప్రాసిక్యూషన్‌కు సాయం చేయడం వరకే.