మిక్సీకి అడిగే ప్రశ్నలు దీనికెందుకు అడగం?

మూడు వేల రూపాయల మిక్సీ కొనేటప్పుడు సర్వీస్ సెంటర్ ఎక్కడుందో అడక్కుండా కొంటామా? మోటారు కాలితే ఎవరు చూస్తారు, ఎన్నాళ్లు పడుతుంది, అన్నీ అడుగుతాం. అదే ఇంట్లో 36 వేలు పోసి గ్రాఫిక్స్ కార్డు ఒక్క ప్రశ్న అడక్కుండా కొన్నాం. నేను అడగబోయాను. "నీకు తెలీదులే అమ్మా" అన్నాడు మా అబ్బాయి. "వాడు చూసుకుంటాడులే" అన్నారు మావారు.

వాడు చూసుకున్నది ఎన్ని ఫ్యాన్లు, ఎన్ని రంగుల లైట్లు అని. పద్నాలుగో నెలలో స్క్రీను నల్లబడింది. యానిమేషన్ కోర్సు ప్రాజెక్టు ఇవ్వడానికి ఇంకా మూడు వారాలే. అప్పుడు ఫోన్ పట్టుకుని కూర్చున్నదెవరు? ఏమీ తెలియని అమ్మే!

పెట్టె మీద మూడేళ్ల వారంటీ అని ఉంది. షాపతను కంపెనీనే అడగమన్నాడు. మా ఊళ్లో వాళ్ల సెంటర్ లేదు, హైదరాబాద్ పంపాం. పదకొండు రోజులకు ఒక మెయిలు: 'ఫిజికల్ డ్యామేజీ, వారంటీ వర్తించదు.' ఎక్కడ డ్యామేజీ అయిందంటే జవాబు లేదు. అయితే సారె సర్దేటప్పుడు లెక్క రాసుకునే అలవాటు మనది కదా. పంపేముందు కార్డుకు నాలుగువైపులా ఫొటోలు తీసి ఉంచాను. అవి పంపి, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాక గానీ కదల్లేదు. కార్డు మార్చి ఇచ్చేసరికి 47 రోజులు. ప్రాజెక్టు గడువు ఎప్పుడో దాటిపోయింది.

అసలు సంగతి తర్వాత తెలిసింది. ప్రాణమంతా చిప్పులోనే ఉంటుంది. అది ఎన్విడియాదో ఏఎండీదో అయి ఉంటుంది. ఆసుస్, ఎంఎస్ఐ, గిగాబైట్, జోటాక్ వంటివాళ్లు దాన్ని బోర్డు మీద కూర్చి, ఫ్యాన్లు బిగించి తమ పేరు వేసుకుంటారు. చిప్పు ఒకటే అయితే వేగంలో తేడా స్వల్పం. మరి కంపెనీని దేన్ని చూసి ఎంచుకోవాలి? పాడైన రోజు ఎవరు పలుకుతారో చూసి. అమెరికాలో ఈవీజీఏ అనే కంపెనీ మంచి పేరు తెచ్చుకున్నది ఈ వారంటీ సేవతోనే. 2022 సెప్టెంబరులో అది గ్రాఫిక్స్ కార్డుల వ్యాపారం మానేస్తున్నానని ప్రకటించినప్పుడు కూడా, అమ్మినవాటి వారంటీ నిలబెట్టుకుంటానంది. కొన్నవాళ్లు ఎంత బాధపడ్డారో!

"ఎక్కడో ఒకటి పోతుంది, దానికోసం రెండు వేలు ఎక్కువ పెడతామా?" అంటారు మావారు. ఆ ఒక్కటీ మనింట్లోదైతే? రెండు వేలు మిగిల్చి నెలన్నర పోగొట్టుకోవడం పొదుపెలా అవుతుందండీ?

కొనేముందు షాపులోనే అడగండి. వారంటీ బిల్లు తేదీ నుంచా, సీరియల్ నంబరు బట్టి తయారైన తేదీ నుంచా? మన దేశపు డిస్ట్రిబ్యూటర్ ద్వారా వచ్చిందేనా? బయటి నుంచి తెచ్చిందైతే ఇక్కడ వారంటీ దక్కకపోవచ్చు. కొరియర్ ఖర్చు ఎవరిది? దుమ్ము తుడవడానికి ఫ్యాను విప్పితే వారంటీ పోతుందా? షాపతను నసిగితే పక్క షాపుకి వెళ్లండి. పెట్టె అటక మీద, బిల్లు బీరువాలో ఉంచండి. అప్పటికీ మొండికేస్తే 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మనం ఉండే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయొచ్చు. 5 లక్షల లోపు వస్తువుకి ఫీజు కూడా లేదు.

వచ్చే నెల మా చెల్లెలి కొడుక్కి కార్డు కొంటున్నారు. "పిన్నీ, పెద్దమ్మా ఎందుకు, మేం చూసుకుంటాం" అని మావాడు అప్పుడే గొణుగుతున్నాడు. షాపుకి మేమిద్దరం కూడా వెళ్తున్నాం.