ఆఫీసులో ఆర్కిటెక్టు, ఇంట్లో కట్-పేస్టు

ముందే చెప్పేస్తున్నాను, ఇది "పది బెస్ట్ ఫోటో సాఫ్ట్‌వేర్లు" బాపతు టపా కాదు. సాఫ్ట్‌వేర్ పని చేసుకుని బతికే మనందరి మీదా ఒక ఫిర్యాదు.

మన ఉద్యోగం ఏంటో ఒకసారి గుర్తు చేసుకోండి. ఎక్కడో అమెరికాలో ఒక బ్యాంకు ఖాతాలు పాత డేటాబేస్ నుంచి కొత్తదానికి మార్చాలంటే ఎంత హడావిడి చేస్తాం! మ్యాపింగ్ షీట్ రాస్తాం. డ్రై రన్ చేస్తాం. అటు ఎన్ని రికార్డులున్నాయి, ఇటు ఎన్ని చేరాయి అని లెక్క చూస్తాం. తేడా వస్తే వెనక్కి రావడానికి రోల్‌బ్యాక్ ప్లాన్ ఉంటుంది. శనివారం అర్ధరాత్రి కాల్‌లో కూర్చుని, అంతా సరిపోయిందని తేలాకే పడుకుంటాం. పాత సర్వర్ జోలికి ఇంకో ఆర్నెల్లు ఎవర్నీ వెళ్ళనివ్వం.

అదే మనిషి ఇంట్లో కొత్త ల్యాప్‌టాప్ కొంటే ఏం చేస్తాడు? పాతదాంట్లో డి డ్రైవ్ మొత్తం సెలెక్ట్ చేసి, కట్ కొట్టి, ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో పేస్ట్ కొట్టి, టీ తాగడానికి పోతాడు. మధ్యలో కరెంటు పోతే ఏవి అటు చేరాయో ఏవి ఇటు మిగిలాయో ఆ దేవుడికే తెలియాలి. ఇక ఆ డిస్క్ తెరిస్తే "బ్యాకప్", "న్యూ బ్యాకప్", "ఫైనల్ బ్యాకప్", "అమ్మ ఫోన్ 2", "న్యూ ఫోల్డర్ 7"! ఇదే పని ఆఫీసులో ఒక ఫ్రెషర్ చేస్తే మనం ఊరుకుంటామా?

పోనీ అందులో ఉన్నవి పనికిరానివా అంటే అదీ కాదు. పెళ్ళి వీడియో, పిల్లది మొదటిసారి నడిచిన రోజు, కాలం చేసిన తాతయ్య గొంతు. ఆ బ్యాంకు డేటాకి నాలుగు కాపీలున్నాయి. తాతయ్య గొంతుకి?

మా గడ్డిఅన్నారంలో కంప్యూటర్ సంగతులు తెలిసినవాడని పేరు పడితే ఇంక ఆదివారాలు మన చేతిలో ఉండవు. డిస్కులు పట్టుకుని వస్తూనే ఉంటారు. వచ్చేవాళ్ళలో సగం మంది ఐటీవాళ్ళే. "ఇంకో కాపీ ఏదీ?" అని అడిగితే అందరిదీ ఒకటే మాట. "అన్నా, ఫోటోలన్ని గూగుల్‌ల ఉన్నయ్ గదా, మళ్ల ఈ లొల్లి ఎందుకు?"

ఈ లొల్లి ఎందుకో చెప్తాను.

ఆర్కుట్ గుర్తుందా? 2014 సెప్టెంబర్ 30న మూసేశారు. అందులో ఆల్బమ్స్ పెట్టుకుని, గడువులోగా దించుకోని వాళ్ళకి అవి మళ్ళీ దక్కలేదు. పికాసా గుర్తుందా? మన తరం వాళ్ళలో ఎంతమంది రాత్రిళ్ళు కూర్చుని మొహాలకి పేర్లు పెట్టారో! 2016లో గూగుల్ దాన్నీ ఆపేసింది. గూగుల్ ఫోటోస్ 2015లో మొదలైనప్పుడు కాస్త కుదించిన ఫోటోలకి లెక్కాపత్రం లేకుండా ఎంతైనా ఉచితం అన్నారు. 2021 జూన్ 1 నుంచి ఆ ఉచితం పోయింది, మెయిల్‌తో కలిపి 15 జీబీ దాటితే డబ్బు కట్టాలి. నేను ఆ కంపెనీని తిట్టడం లేదు. వ్యాపారం వాళ్ళది, ఎప్పుడు ఏది మూసుకోవాలో వాళ్ళ ఇష్టం. మన ఇంటి జ్ఞాపకాలకి వాళ్ళని కాపలా పెట్టి నిద్రపోవడం మాత్రం మన తెలివితక్కువతనం.

పికాసా కథలో మనం నేర్చుకోవాల్సింది ఇంకోటి ఉంది. ఫోటో కింద మనం రాసిన క్యాప్షన్‌ని అది జేపెగ్ ఫైల్ లోపలే రాసేది. అందుకే ఆ ఫైల్‌ని ఎక్కడికి కాపీ చేసినా క్యాప్షన్ వెంట వస్తుంది. మొహాల పేర్లు మాత్రం మామూలుగా ఫైల్‌లో రాసేది కాదు. ప్రతి ఫోల్డర్‌లో కనపడకుండా ఉండే ఒక ఐఎన్ఐ ఫైల్‌లో ఆ మొహానికి ఒక నంబర్ రాసేది. ఆ నంబర్ ఎవరిదో చెప్పే పట్టిక ఇంకెక్కడో వేరే ఫైల్‌లో ఉండేది. కొత్త కంప్యూటర్‌కి ఫోటోలు మాత్రమే కాపీ చేసుకున్నవాళ్ళకి ఫోటోలు వచ్చాయి, పేర్లు రాలేదు. ఐట్యూన్స్‌లో పాటలకి ఇచ్చిన స్టార్లదీ అదే సంగతి. అవి పాట ఫైల్‌లో ఉండవు, దాని సొంత లైబ్రరీలో ఉంటాయి. గూగుల్ ఫోటోస్ నుంచి టేకౌట్ చేసుకున్నా అంతే, మనం సరిచేసిన తేదీ, రాసిన వివరణ పక్కనున్న జేసన్ ఫైల్‌లో వస్తాయి. ఫోటోలు ఉంచుకుని ఆ జేసన్‌లు చెత్త అనుకుని తీసేసిన ఇంజనీర్లని నేనెరుగుదును!

కాబట్టి నేను చెప్పేది ఒక్కటే. వివరం ఫైల్ లోపల ఉండాలి. సాఫ్ట్‌వేర్ పోయినా, కంపెనీ పోయినా, ఫైల్ ఒక్కటీ మిగిలితే చాలు, అది ఎవరిదో ఎప్పటిదో చెప్పగలగాలి. డిజీకామ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు పేర్లనీ క్యాప్షన్లనీ ఫైల్‌లోనే రాస్తాయి, సెట్టింగ్స్‌లో ఆ టిక్ ఉందో లేదో చూసుకోవాలంతే. కమాండ్ లైన్ ఇష్టమైనవాళ్ళకి ఎక్జిఫ్‌టూల్ ఉండనే ఉంది.

"సర్దడం ఎందుకు, సెర్చ్ ఉంది కదా" అనే మేధావులు ఇంకో రకం. సరే, వెతకండి. 1978లో తీసిన నలుపు తెలుపు ఫోటోని పోయిన ఏడాది స్కాన్ చేశారు. ఫైల్ తేదీ పోయిన ఏడాదిదే. దాన్ని వాట్సాప్‌లో బాబాయికి పంపారు. వాట్సాప్ ఫోటోని కుదించి, లోపలి వివరాలు తీసేసి, పేరులో ఆ రోజు తేదీ పెడుతుంది. బాబాయి కొడుకు దాన్ని భద్రంగా దాచుకున్నాడు. ఇప్పుడు మీ నాయనమ్మ పెళ్ళినాటి ఫోటో నిన్నటి గుడ్ మార్నింగ్ మెసేజీల మధ్యలో ఉంటుంది. మొహాలు పోల్చే ప్రోగ్రాం ఈ రెండు ఫోటోల్లో ఉన్నది ఒకే మనిషి అని చెప్పగలదు. ఆవిడ నాయనమ్మ తోడికోడలు అనీ, కాన్పులో పోయిందనీ ఏ ప్రోగ్రాం చెప్తుంది?

ఇక పాటల సంగతి. కోఠి ఫుట్‌పాత్ మీద కొన్న ఎంపీత్రీ సీడీల కాలం నుంచీ పోగేసిన పాటలు మనందరి దగ్గరా ఉన్నాయి. వాటి ట్యాగులు చూస్తే ఏడుపొస్తుంది. 1996లో వచ్చిన మొదటి ఐడీత్రీ ట్యాగ్‌లో పాట పేరుకి 30 అక్షరాలే, అవీ ఇంగ్లీషు అక్షరాలే. అప్పట్లో తప్పలేదు, సరే. తర్వాత వచ్చిన రెండో వెర్షన్‌లో యూనికోడ్‌కి చోటుంది. పాడినవాళ్ళకి, సంగీత దర్శకుడికి, పాట రాసినవారికి వేరువేరు గళ్ళున్నాయి. ఎవరైనా నింపారా? మాయాబజార్ (1957) తీసుకోండి. కొన్ని బాణీలు సాలూరి రాజేశ్వరరావువి, మిగతావి ఘంటసాలవి. రాసింది పింగళి. పాడినవాళ్ళు ఘంటసాల, లీల, సుశీల, మాధవపెద్ది... మన డిస్క్‌లో చూస్తే అన్నిటికీ "ఆర్టిస్ట్: ఘంటసాల" అని ఉంటుంది, లేదా పాటని దించిన సైట్ పేరుంటుంది! పింగళి ఎక్కడా కనపడడు.

బాలసుబ్రహ్మణ్యం పేరుకైతే మన లైబ్రరీల్లో ఎన్ని స్పెల్లింగులో! హెచ్ పెట్టినవాడొకడు, మింగినవాడొకడు, ఇనీషియల్స్ మధ్య చుక్కలు పెట్టినవాడొకడు, అంత పేరెందుకని ఎస్పీబీ అని ఊరుకున్నవాడొకడు. ప్లేయర్ దృష్టిలో వీళ్ళంతా వేరువేరు గాయకులు. తెలుగులో రాస్తే ఈ తిప్పలు చాలామటుకు ఉండవు. తెలుగులో టైపు చెయ్యడం వచ్చి కూడా ఫైల్ పేరు తెలుగులో పెట్టడానికి సిగ్గుపడటం ఎందుకో నాకర్థం కాదు. యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచీ ఉంది బాబూ!

ఇప్పుడు తరలింపు సంగతికి వద్దాం. మా గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌ని 2021లో ఇక్కణ్ణుంచి బాటసింగారానికి మార్చారు. ఉన్న స్థలం ఆసుపత్రికి కావాలి, మార్చడం అవసరమే అనుకుందాం. కొత్తచోట ఏర్పాట్లు లేవని వ్యాపారులు హైకోర్టుకి వెళ్ళారు. సామాను తీసుకోవడానికి వాళ్ళకి నెల రోజులు మార్కెట్ తెరవమని కోర్టు చెప్పింది. 2022 మార్చిలో పాత షెడ్లు కూల్చడం మొదలుపెట్టారు, కోర్టు మళ్ళీ కల్పించుకుని ఆపమనాల్సి వచ్చింది. అప్పుడు మనమంతా "ఇదేం పద్ధతి, సరుకు చేరకముందే కూలుస్తారా" అన్నాం. మరి కట్-పేస్ట్ అంటే ఏంటి? పాత డిస్క్‌ని ఫార్మాట్ చేసి తమ్ముడికి ఇచ్చెయ్యడం అంటే ఏంటి?

కట్ వద్దు, కాపీ చెయ్యండి. రోబోకాపీ విండోస్ విస్టా నుంచీ మీ సిస్టమ్‌లోనే ఉంది, మధ్యలో ఆగితే మళ్ళీ మొదలుపెట్టొచ్చు. కాపీ అయ్యాక రెండు వైపులా ఫైళ్ళ సంఖ్య చూడండి, చెక్‌సమ్ పోల్చండి. ఆఫీసులో చేసేదే. ఓ పది ఫైళ్ళు నిజంగా తెరిచి చూడండి. పాత డిస్క్‌ని ఒక ఏడాది బీరువాలో పెట్టండి.

రెండో కాపీ ఇంకో ఇంట్లో ఉండాలి. ఇది సిద్ధాంతం కోసం చెప్పడం లేదు. 2020 అక్టోబర్ 13 రాత్రి వాన మా చుట్టుపక్కల ఎవరూ మర్చిపోరు. సరూర్‌నగర్ చెరువు పొంగి కోదండరాంనగర్ లాంటి కాలనీల్లో నీళ్ళు ఇళ్ళల్లోకి వచ్చేశాయి. గ్రౌండ్ ఫ్లోర్‌లో నేల మీద పెట్టిన సీపీయూ, దాని పక్కనే బ్యాకప్ డిస్క్, కింది అరలో పెళ్ళి ఆల్బమ్... మూడూ ఒకే నీళ్ళలో మునిగితే మూడు కాపీలున్నా ఒకటే, లేకున్నా ఒకటే. అన్నయ్య డల్లాస్‌లోనో అక్క వనస్థలిపురంలోనో ఉంటుంది కదా, ఒక డిస్క్ అక్కడ పెట్టండి. క్లౌడ్ కూడా వాడండి, వద్దనడం లేదు. అది మూడోది కావాలి గానీ మొదటిదీ చివరిదీ అదే కాకూడదు.

పెళ్ళి వీసీడీలు, అప్పట్లో మనమే బర్న్ చేసుకున్న డీవీడీలు ఉంటే వాటి పని ముందు చూడండి. రాసుకునే డిస్కుల్లో ఉండే రంగుపూత ఏళ్ళు గడిచేకొద్దీ పాడవుతుంది. చదివే డ్రైవ్ కొత్త ల్యాప్‌టాపుల్లో ఎలాగూ రావడం లేదు. వీసీడీలో ఉండే ఆ డాట్ ఫైల్ వీడియో ఎంపెగ్-1 తప్ప ఇంకేం కాదు, కాపీ చేసుకుంటే వీఎల్‌సీలో హాయిగా ఆడుతుంది.

"టైమ్ ఎక్కడుంది?" అంటారు. నలభై వేల ఫోటోలు సర్దమని నేననడం లేదు. సెల్ఫీలూ, బిల్లుల ఫోటోలూ, గుడ్ మార్నింగులూ అలాగే పడుండనివ్వండి. ఏ ఇంట్లో అయినా నిజంగా పోకూడనివి ఒక రెండు మూడు వందలుంటాయి. వాటి వరకే చెయ్యండి. "1998-05 చెల్లి ఓణీల ఫంక్షన్ విజయవాడ" అని ఏడాది ముందు పెట్టి ఫోల్డర్ పేరు రాస్తే మీరు లేనప్పుడు మీ ఆవిడకీ పిల్లలకీ కూడా దొరుకుతుంది. పాస్‌వర్డ్ తెలిసిన ఒక్క మగాడి చేతిలో ఇంటి ఫోటోలన్నీ ఉండటం కూడా మంచి డిజైన్ కాదండోయ్!

అన్నిటికంటే తొందరగా చెయ్యాల్సిన పని మాత్రం వేరే ఉంది. డిస్క్ పోతే ఇంకో డిస్క్ నుంచి తెచ్చుకోవచ్చు. ఆ ఫోటోలో మూడో వరసలో నిలబడ్డది ఎవరో తెలిసిన మనిషి ఇంట్లో ఒక్కరే ఉంటారు, ఆవిడకి ఎనభై దాటి ఉంటాయి. ఈ ఆదివారం ల్యాప్‌టాప్ ఆవిడ పక్కన పెట్టుకుని, ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేసి, ఒక్కో ఫోటో చూపించి ఎవరో అడగండి. చెప్పిన పేరు అప్పటికప్పుడే, తెలుగులో, ఆ ఫైల్‌లోనే రాసేయండి. సాఫ్ట్‌వేర్ ఏది బావుంటుందనే చర్చ తర్వాత తీరిగ్గా పెట్టుకుందాం.