వద్దన్నవాడికే టికెట్టా?

పదవి వద్దన్నవాడే గొప్పోడని మనకో నమ్మకం. నాకైతే ఈ లాజిక్కు ఎప్పుడూ బుర్రకెక్కలేదు.

1952లో అమెరికాలో డెమొక్రాట్లు ఇదే చేశారు. ఎస్టెస్ కీఫావర్ ఊరూరా తిరిగి ప్రైమరీల్లో ఎక్కువ భాగం గెలిచాడు. చికాగో మహాసభలో మొదటి రౌండులోనూ ఆయనే ముందు. అయినా పార్టీ పెద్దలు "నాకొద్దు మొర్రో" అంటున్న ఇల్లినాయ్ గవర్నర్ అడ్లయ్ స్టీవెన్సన్‌ని ఒప్పించి, మూడో రౌండులో అభ్యర్థిని చేశారు. నవంబరులో ఐసెన్‌హోవర్ 442-89 ఎలక్టోరల్ ఓట్లతో చిత్తుచేశాడు.

కీఫావర్ నిలబడినా ఓడేవాడేమో, అవతలున్నది యుద్ధవీరుడు మరి. కానీ ప్రైమరీల్లో క్యూలో నిలబడి ఓటేసినవాళ్ళ మాటకి విలువేదీ?

నా పాత టీములోనూ ఇంతే. లీడ్ పోస్టు అడిగినవాణ్ణి పక్కనబెట్టి, వద్దన్నవాడికి అంటగట్టారు. ఆర్నెల్లలో ఇద్దరూ పేపర్లు పెట్టేశారు!

మొహమాటం అర్హత కాదండీ. జనాన్ని ఓటడిగినవాడికే టికెట్టివ్వాలి. ఏమంటారు?