బీట్‌రూటుతో మద్యపాన నిషేధమా?

పల్నాడు నుంచి వచ్చి హైదరాబాదు, బెంగుళూరుల్లో కోడు రాసుకుంటున్న మా బ్యాచ్ వాళ్ళం ఊళ్ళో బడులకి ఏదైనా చేద్దామని అప్పుడప్పుడూ అనుకుంటూ ఉంటాం. ఈసారి వచ్చిన సలహా ఇది: బీట్‌రూటు ముక్కని ఆల్కహాల్లో వేసి, రంగు కారిపోవడం పిల్లలకి చూపించి, "మందు తాగితే ఒళ్ళు ఇలాగే అవుతుంది" అని చెప్పడం. ప్రయోగానికి నా ఓటు ఉంది. ఆ ముగింపు వాక్యానికి మాత్రం లేదు.

ముందు ప్రయోగం సంగతి. బీట్‌రూటు ఎర్రదనం బీటాలెయిన్ అనే రంగుది. అది కణం లోపల వాక్యూల్ అనే సంచీలో ఉంటుంది. సంచీకో పొర, కణానికో పొర. ఒక్కో పొర మందం మహా అయితే 7-8 నానోమీటర్లు. కొవ్వు పదార్థాలూ, ప్రొటీన్లూ కలిసి కట్టిన ఫైర్‌వాల్ అనుకోండి. ఆల్కహాలు ఆ కొవ్వు అమరికని చెదరగొట్టి ప్రొటీన్ల ఆకారం పాడుచేస్తుంది. దాంతో రంగు బయటికొస్తుంది.

చేయడం తేలికే. 70% అని రాసున్న, రంగులేని ద్రవ శానిటైజరు (జెల్ పనికిరాదు) తీసుకోండి. సమానంగా నీళ్ళు కలిపితే సుమారు 35%. మళ్ళీ సగం చేస్తే 17.5%. ఒక గ్లాసులో ఉత్త నీళ్ళు, అది మన బేస్‌లైన్. ముక్కలన్నీ ఒకే సైజులో కోసి ముందు బాగా కడగాలి, ఎందుకంటే కత్తికి తెగిన కణాల రంగు ఎలాగూ కారుతుంది. వేడికి కూడా పొర దెబ్బతింటుంది కాబట్టి రెంటచింతల ఎండలో పెట్టి, తప్పు ఆల్కహాలు మీదకి తోయకూడదు. గ్లాసులన్నీ ఒకే నీడన ఉండాలి. డీబగ్గింగ్‌లో మనం చేసేదీ ఇదే కదా, ఒకసారికి ఒక్కటే మార్చడం! బీట్‌రూటు దొరక్కపోతే ఎర్ర తోటకూర కాడలు, బడి గోడ మీది కాగితం పూలు ఉన్నాయి. వాటిలోనూ ఇదే జాతి రంగు. ఆల్కహాలు పోసేది, కలిపేది మాత్రం టీచరే. దగ్గర్లో మంట ఉండకూడదు.

ఇక నా అభ్యంతరం. మన దేశంలో బండి నడిపేవాడి రక్తంలో ఉండొచ్చని చట్టం ఒప్పుకున్న ఆల్కహాలు 100 మిల్లీలీటర్లకి 30 మిల్లీగ్రాములు, అంటే 0.03%. గ్లాసుల్లో ఉన్నది దానికి వందల రెట్లు. మత్తెక్కేది పొరలు కరిగి కాదు, మెదడు కణాల మీది రిసెప్టర్ల పని తీరు మారి. కాలేయం పాడయ్యేది ఏళ్ళ తరబడి, వేరే దారిలో. బీట్‌రూటు చూసిన పిల్లాడు సాయంత్రం ఇంటికెళ్తాడు. తాగొచ్చిన నాన్న కరిగిపోయి ఉండడు. మర్నాడు వాడు నమ్మకం కోల్పోయేది మందు మీద కాదు, మన మీదా, సైన్సు మీదా.

"మంచి కోసం చిన్న అబద్ధం, ఏం పోయింది?" అంటారు. పోయేది ఉంది. వినుకొండ దాటాక వచ్చే కురిచేడులో 2020 జూలై చివర్లో శానిటైజర్ తాగి పది మందికి పైగా చనిపోయారు. వాళ్ళు తెలియకే తాగారని నేననను, వ్యసనం లెక్క వేరు. కానీ ఏ ఆల్కహాలు, ఎంత గాఢత, దేనికోసం చేసింది అన్న ప్రశ్నలు ప్రాణం మీదకొచ్చేవని ఆ ఊరు చూపించింది. ఇథనాల్ వేరు, మిథనాల్ వేరు. రెండోది ఒంట్లో ఫార్మిక్ ఆమ్లంగా మారి కళ్ళు తీస్తుంది, ప్రాణమూ తీస్తుంది. "మందంతా ఒకటే విషం" అని నేర్పితే ఈ తేడా అడగడమే పిల్లలకి రాదు.

అందుకే నా మటుకు నేను చెప్పేది, గ్లాసులు వరసగా పెట్టి "ఎందుకిలా అయింది?" అని అడిగి ఊరుకుందాం. శానిటైజరు చేతుల మీద కొన్ని వైరస్‌లని ఎలా చంపుతుందో వాళ్ళే పట్టుకుంటారు, వాటికీ కొవ్వు పొరే ఉంది కాబట్టి. మా కాలేజీలో ప్రాక్టికల్స్ అంటే ఒకరి రికార్డు చూసి ఒకరు రాయడమే. మాచర్ల, గురజాల పిల్లలకైనా ఒక ప్రయోగం చేతులారా చేసే అవకాశం వస్తే చాలదూ? మద్యం మాన్పించే పని వేరే ఉంది. అది పాపం బీట్‌రూటు నెత్తిన పెట్టొద్దు.

మీరేమంటారు?